బొడ్డు కత్తికి పనికొచ్చే స్టీలు

మా అత్తగారింట్లో ఒక కత్తి ఉండేది. జానెడు కూడా ఉండదు. చింతకర్ర పిడి, దానికి రెండు రాగి కట్లు. మా మామగారి తండ్రి కొట్టిన కత్తి అని చెప్పేవాళ్ళు. దానితో కూరగాయలు కోయరు, తాడు తెంపరు, ఎవరైనా అరువడిగితే ఇవ్వరు. ఇంట్లో బిడ్డ పుడితే బొడ్డు కోయడానికే అది. మిగతా రోజుల్లో నూనె గుడ్డలో చుట్టుకొని కొలిమి గోడ గూట్లో పడుకునేది. కమ్మరింట్లో పుట్టే బిడ్డకు ఆ ఇంటి కొలిమిలో కాలిన కత్తే బొడ్డు కోయాలి, బయటి కత్తి తగలకూడదు. కోసిన తర్వాత పురుడు అయ్యేదాకా ఆ కత్తి బాలింత తలాపున ఉండాలి. గాలీ ధూళీ దగ్గరికి రాకుండా అన్నమాట.

ఆ కత్తిని తలాపున పెట్టుకొని నేను రెండుసార్లు పడుకున్నాను. రెండుసార్లూ బిడ్డ దక్కలేదు.

నా పుట్టిల్లు ధర్మసాగర్ పక్కన చిన్న ఊరు. అక్కడా కొలిమే. మా నాయన నాగటి కర్రులు, కొడవళ్ళు చేసేవాడు. నేను ఏడో తరగతి దాకా చదివాను, నోరు మాత్రం అంతకంటే ఎక్కువే చదివింది. వరంగల్ స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక గల్లీకి కోడలిగా వచ్చేసరికి డెబ్భైలు సగం దాటాయి. ఆ గల్లీలో ఒక పక్క మగ్గాల చప్పుడు, ఒక పక్క మా సమ్మెట చప్పుడు. మా ఇంట్లో మేం ముగ్గురమే. నేను, నా భర్త, మా అత్త. మామగారు నేను రాకముందే పోయాడు. అత్త ఆ వాడకట్టుకంతా మంత్రసాని. మగ్గాల ఇళ్ళలో, రిక్షా తొక్కేవాళ్ళ ఇళ్ళలో సగం మంది పిల్లలు ఆమె చేతుల్లోకే పుట్టారు. వాళ్ళకు వాళ్ళింటి కొడవలో బ్లేడో. మా ఇంటికి మాత్రం ఆ కత్తి.

మొదటివాడు పుట్టిన వారానికి పాలు పట్టడం మానేశాడు. ఆకలై నోరు వెతుక్కుంటాడు, రొమ్ము అందిస్తే దవడ తెరుచుకోదు. మర్నాటికి చిన్న చప్పుడైనా ఒళ్ళంతా బిగుసుకొని విల్లులాగ వంగిపోయాడు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు. సాయంత్రానికి అయిపోయింది. పాలు పొంగుకొచ్చి నా రవిక తడుస్తుంటే గోడకు తిరిగి కూర్చున్నాను. ఎవరితోనూ మాట్లాడలేదు. నేను మాట్లాడకుండా ఉన్నది నా బతుకులో ఆ నెల ఒక్కటే.

రెండోది ఆడపిల్ల. దానికీ అదే మొదలైంది. ఈసారి నేను తాయెత్తు కట్టనివ్వలేదు. బిడ్డను కొంగులో చుట్టుకొని రిక్షా ఎక్కాను. అత్తా, నా భర్తా నా వెనకే పరుగెత్తుకొచ్చారు. పెద్ద దవాఖానలో డాక్టరు చూసీ చూడగానే ధనుర్వాతం అన్నాడు. "బొడ్డు దేంతో కోశారు?" అని అడిగాడు.

"మా ఇంటి కత్తితోనే సారూ. పరాయి కత్తి కాదు" అంది అత్త. అది మంచి జవాబే అనుకుంది పాపం.

"తుప్పు పట్టిన కత్తా?" అన్నాడాయన. జవాబు కోసం ఆగలేదు, సూది సర్దుకుంటున్నాడు. చేయగలిగిందంతా చేశాడు. బిడ్డ తెల్లారేదాకా ఉంది, అంతే.

తలుపు దగ్గర నిలబడ్డ నా భర్త చెవిలో మాత్రం ఆ ఒక్క మాట పడిపోయింది. ఇంటికి రాగానే గూట్లోంచి కత్తి తీసి, నూనె గుడ్డ విప్పి, ఎండలో పట్టుకొని చూశాడు. పిడి మొదట్లో, రాగి కట్టు కింద ఆవగింజలంత గోధుమ రంగు చుక్కలు. గోటితో గీకితే పొడి రాలింది. నా వైపు చూడకుండా అన్నాడు: "ఇద్దర్నీ నేనే సంపుకున్న."

కత్తి తాత కొట్టినది, పదును పెట్టింది మాత్రం ఈయనే. ప్రతి కాన్పుకూ ముందు సాన పట్టి, నూనె రాసి, అమ్మ చేతికి అందేలా గడప మీద పెట్టింది ఈయనే. కాదని ఎంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత రెండేళ్ళు ఆ మనిషి నవ్వగా నేను చూడలేదు.

ఎనభైలు వచ్చాయి. నేను మళ్ళీ నీళ్ళోసుకున్నాను. ఆ మాట చెప్పినప్పుడు ఆయన కొడవలికి పళ్ళు కొడుతున్నాడు. ఉలి ఆపి కాసేపు నా ముఖంలోకి చూశాడు.

"ఈసారి తుప్పు పట్టని కత్తి జేస్త" అన్నాడు.

సంతోషమో భయమో చెప్పలేదు. ఆ ఒక్క మాటే అన్నాడు, మళ్ళీ ఉలి అందుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కడుపులో ఉన్నది నా బిడ్డ, ఈయనకేమో కత్తి కనబడుతోంది. కానీ ఆయన దుఃఖానికి వేరే భాష లేదు. ఇనుముతో తప్ప దేనితోనూ మాట్లాడడం నేర్చుకోలేదాయన.

అప్పుడప్పుడే వాడకట్టులో స్టీలు పిచ్చి మొదలైంది. అమ్మమ్మల నాటి ఇత్తడి బిందెలు, రాగి చెంబులు తీసుకుపోయి దుకాణంలో ఇచ్చి, స్టీలు గిన్నెలు తెచ్చుకునేవాళ్ళు. చింతపండు పెట్టి తోమే పని తప్పిందని ఆడవాళ్ళకు ఎంత సంబరమో. వరంగల్ చౌరస్తాలో గిన్నెల దుకాణం సేటు గల్లాపెట్టె పక్కన దారం కట్టి ఒక సూదంటురాయి వేలాడదీశాడు. గిన్నె కొనేవాళ్ళ ముందు దాన్ని ఆనించి చూపించేవాడు. "జూడుండ్రి, అంటుకుంటలేదు. అంటుకుంటే ఇనుము గలిసినట్టు. అంటుకోకపోతె అసలు స్టీలు" అనేవాడు. అబద్ధం కాదు. గిన్నెల వరకు అది నిజమే. ఆ మాట గల్లీ గల్లీకీ పాకింది. కోడలు తెచ్చిన సామాను మంచిదా కాదా అని సూదంటురాయితో చూసిన అత్తలు కూడా ఉన్నారు.

నా భర్తా ఆ మాట విన్నాడు. రేడియో రిపేరు దుకాణంలో పాడైన స్పీకరు డబ్బా ఒకటి విప్పించి, అందులోని సూదంటురాయి తెచ్చుకున్నాడు. అది వచ్చాక మా కొలిమి దగ్గర రోజూ తిరునాళ్ళే. మగ్గాల ఇళ్ళ ఆడవాళ్ళంతా గిన్నెలు పట్టుకొచ్చేవాళ్ళు. రాయి అంటుకుంటే ఏడుపు ముఖం, అంటుకోకపోతే పక్కామె వైపు ఓరచూపు. నాకు వినోదంగా ఉండేది. ఒకామె పళ్ళేనికి రాయి గట్టిగా అతుక్కుంటే, "ఏం గాదు వదినా, నీ పళ్ళెం నిన్నిడిసి పోదు" అన్నాను. వారం రోజులు మాట్లాడలేదు నాతో.

పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, ఒక హోటలు బల్ల మీద నుంచి పీకిన మందపాటి స్టీలు పట్టీ తెచ్చాడాయన. సూదంటురాయి దాన్ని పట్టుకోనే లేదు. జారి నేలమీద పడింది. "అసలుది" అన్నాడు. కొలిమిలో కాల్చాడు, కొట్టాడు, నీళ్ళు పెట్టాడు. నీళ్ళు పెట్టడమంటే ఎర్రగా కాలిన కత్తిని ఒక్కసారిగా నీళ్ళలో ముంచడం. అప్పుడే ఇనుము గట్టిపడి పదును నిలుపుకుంటుంది. కత్తికి ప్రాణం పోసేది అక్కడే. సాన పట్టేసరికి అద్దంలా తయారైంది. అందులో నా ముక్కుపుడక కనబడింది.

అత్త దాన్ని వేళ్ళతో తడిమి, "కసాయాయన్నడిగి జర మేక పేగు తేపో" అంది. పేగు రెండు చోట్ల దారంతో కట్టి, బొడ్డు కోసినట్టే నడుమ కత్తి పెట్టింది. కత్తి జారింది. మళ్ళీ పెట్టింది. పేగు నలిగింది, సాగింది, చివరికి పీలికలై తెగింది.

"కోస్తలేదు బిడ్డా. నములుతాంది" అంది.

ఆయన మళ్ళీ సాన పట్టాడు. పొద్దున పదును పెడితే మధ్యాహ్నానికి మొద్దు. మళ్ళీ కాల్చాడు, ఇంకా ఎర్రగా. మళ్ళీ ముంచాడు. ఆకురాయి పెట్టి గీస్తే వెన్నలా పొడి రాలింది. అది నీళ్ళు తాగదు. ఎన్నిసార్లు కాల్చినా దాని బుద్ధి దానిదే. రైతులు కర్రులు పట్టుకొని వరుసలో నిలబడి ఉంటే ఈయన ఆ మెరిసే ముక్కతో కుస్తీ. నాకు ఐదో నెల పోయి ఏడో నెల వచ్చింది. ఆయన చెంపలు లోపలికి పోయాయి.

"నా శెయ్యి పోయిందే. మూడు తరాల శెయ్యి పోయింది" అన్నాడొకరోజు అన్నం ముందు కూర్చొని.

"శెయ్యి మంచిగనే ఉంది. బుర్రనే పోయింది. తిను" అన్నాను. అన్నానే గానీ నాకూ భయమేసింది. ఈ మనిషి ఈ కత్తి చేయలేకపోతే, బిడ్డ సంగతి ఎట్లా ఉన్నా, ఈయన మిగలడు.

ఏడో నెలలో ధనుర్వాతం రాకుండా సూది వేయించుకోవాలని చెప్పి అత్తను వెంటబెట్టుకొని పెద్ద దవాఖానకు పోయాను. అత్తకు ఇష్టం లేదు. రెండో బిడ్డతో పోయినప్పుడు వెనక్కి ఏం తెచ్చుకున్నామో ఆమె మరిచిపోలేదు. నా కొంగు ముడిలో సూదంటురాయి ఉంది. దారిలో పాత సామాన్ల దుకాణం తగిలితే చూడమని ఆయన ఇచ్చాడు.

ఆడవాళ్ళ వరుస చాలా పొడవుంది. నర్సమ్మ గుంటూరు వైపు మనిషి, లావుపాటి కళ్ళద్దాలు. నా ముందున్నామెకు కట్టు కత్తిరించి, కత్తెర పళ్ళెంలో పెట్టింది. తళతళ మెరుస్తోంది. నాకు చేతులు ఊరికే ఉంటాయా. ముడి విప్పి రాయి ఆనించాను. టక్కున అతుక్కుంది.

"సిస్టరమ్మా! గిది అసలు స్టీలు గాదు. మిమ్ముల మోసం జేసిన్రు!" అని అరిచినంత పని చేశాను. వరుసంతా గొల్లుమంది.

"ఏంటమ్మా నీ కొంగులో ఆ అంగడి? ఇట్టివ్వు కత్తెర" అంది నర్సమ్మ. ఆమె కూడా నవ్వుతోంది. "నేను ఈ డ్యూటీలో చేరినప్పటి నుంచీ ఉందది. రోజూ ఉడకబెడతాం. ఒక్క తుప్పు చుక్క చూపించు చూద్దాం."

కిటికీ దగ్గరికి పోయి తిప్పి తిప్పి చూశాను. మచ్చ లేదు. రెండు రెక్కలు కలిసే మర దగ్గర కూడా లేదు. మరి పళ్ళెం? పళ్ళేనికి రాయి ఆనిస్తే జారిపోయింది. ఒకే దవాఖాన, ఒకే బల్ల. పళ్ళేనికి అంటదు, కత్తెరకు అంటుతుంది. రెండూ తుప్పు పట్టవు. ఎందుకట్లా అని అడిగితే, "నాకేం తెలుసమ్మా, నేను సూదులు వేసేదాన్ని" అంది. ఇంటాయన ఇన్ని నెలలుగా పళ్ళెం జాతిని పట్టుకొని కత్తి చేస్తున్నాడన్నమాట.

ఎందుకీ గొడవంతా అని ఆమె అడిగింది. చెప్పాను. ఇద్దరు బిడ్డల సంగతీ, డాక్టరు మాటా, కత్తీ. వింటూ వింటూ కళ్ళద్దాలు తీసేసింది. "కోసిన తర్వాత బొడ్డుకు ఏం పెట్టారు?" అని అడిగింది.

నేను నోరు తెరవకముందే అత్త చెప్పింది. "బూడిది. కొలిమి బూడిది. జల్లెడ వట్టి, మెత్తగ జేసి పెడ్త. మా అత్త నేర్పింది."

"ఎక్కడ ఉంచుతారు ఆ బూడిద?"

"ఏడుంటది తల్లీ, చిప్పల పోసి కొలిమి మూలకు పెడ్త."

ఆ మూల ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. కోళ్ళు పొర్లేది అక్కడే. నాలుగు అడుగుల దూరంలో బర్రె కట్టేసి ఉంటుంది. నర్సమ్మ అత్త చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది. గద్దించలేదు, అది మాత్రం చెప్పాలి.

"పెద్దమ్మా, ఆ రోగం మట్టిలో ఉంటుంది, పేడలో ఉంటుంది. నేలమీద పెట్టిన బూడిదలో ఉంటుంది. తుప్పు ఒక్కటే కాదు. కత్తి నుంచి వచ్చి ఉండొచ్చు, చేతుల నుంచి రావచ్చు, బూడిద నుంచీ రావచ్చు. ఇప్పుడు ఏదని చెప్పలేం. ఈసారి దవాఖానకు తీసుకురండి. కుదరకపోతే సబ్బుతో చేతులు కడుక్కోండి, కడిగిన చేతులు కొంగుకు తుడవకండి, గాలికి ఆరనివ్వండి. కత్తీ, దారమూ బాగా ఉడకబెట్టండి. కొత్త బ్లేడు ఉడకబెట్టి కోసినా చాలు. బొడ్డు మీద మాత్రం ఏమీ పెట్టొద్దు. ఏమీ."

అత్త తల ఊపింది. నాకు సూది వేశారు. నెలకు ఇంకోటి వేస్తామన్నారు. రిక్షాలో వస్తున్నంతసేపూ అత్త తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని వాటి వైపే చూస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున మగ్గాల ఇంటాయన పరుగున వచ్చి, కోడలికి నొప్పులొస్తున్నాయి రమ్మని పిలిస్తే, "నా శేతులు వణుకుతానయ్. ఇగ నేను రాను. దవాఖానకు తీస్కపోండ్రి" అంది. ఎవరు ఎన్నిసార్లు పిలిచినా అదే జవాబు. వయసు మీద పడిందని గల్లీ అనుకుంది. నా భర్తా అదే అనుకున్నాడు. ఆయనకు కత్తెర సంగతి చెప్పాను, బూడిద సంగతి చెప్పలేదు. ఆ మాట చెప్పవలసింది నేను కాదనిపించింది.

కత్తెర సంగతి విని ఆయన సుత్తి కింద పెట్టాడు.

"పట్టిందా? మ్యాగ్నెట్ పట్టిందా? నిజంగ?"

"పట్టుడు గాదు, ఊడవీకితే రాలె."

"తుప్పు?"

"లేదంటాన గద!"

మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్ళుగా మరిచిపోయిన నవ్వొకటి ఆయన ముఖం మీదికి వచ్చింది, సగమే వచ్చింది. "థూ నా బతుకు! గిన్నెలమ్మేటాయన మాటిని కత్తి జేసిన. ఇనుము గుణం ఉన్నదే నీళ్ళు తాగుతది. మ్యాగ్నెట్ పట్టందంటె దాంట్ల ఆ గుణం లేనట్టె. గిన్నె ఒంగాలె, కత్తి నిలవాలె. రెండిటికీ ఒక్కటే స్టీలు ఎట్లయితది?" అన్నాడు. పదేళ్ళ వయసు నుంచీ ఆయన చేతికి తెలిసిన సంగతే. స్టీలంటే ఇనుము కాదు, వేరే ఏదో దేవతా వస్తువు అనుకోబట్టి చేతిని నమ్మలేదు.

కొత్త బ్లేడు చాలన్న మాట కూడా చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. "నా శేతుల నుంచి పోయిన్రు. నా శేతుల నుంచే రావాలె" అన్నాడు. ఇంక నేను వాదించలేదు.

ఈసారి సూదంటురాయి పట్టుకొని, లెక్క తిరగేసి వెతికాడు. మెరవాలి, తుప్పు పట్టకూడదు, రాయి పట్టాలి. స్టేషన్ దగ్గర పాత సామాన్ల దుకాణంలో ఒక ముసలి చాచా గోనెసంచి కుమ్మరించాడు. చెంచాలు, తాళాలు, సైకిలు ముక్కలు, పిడులూడిన పొట్టి కత్తులు కొన్ని. దొరల కాలం నాటి హోటళ్ళలో రొట్టెకు వెన్న పూసుకునే కత్తులట. "తీస్కపో బేటా, మొద్దువి. దేనికీ పనికిరావు" అన్నాడట చాచా. మెరిసేవీ, రాయి పట్టేవీ అన్నీ ఏరుకొచ్చాడు. అయితే పైన మెరుపు పూత పూసిన ఇనుము కూడా రాయికి అతుక్కుంటుంది, అదీ మెరుస్తుంది. అందుకని ఒక్కొక్కదాన్నీ ఆకురాయితో లోతుగా గీసి, చింతపులుసులో ఉప్పు కలిపి ముంతలో నానేశాడు. రోజూ పొద్దున్నే లేచి ముంత దగ్గరికి పోయేవాడు. ఆయన చూడనప్పుడు నేనూ పోయి చూసేదాన్ని. గీత దగ్గర ఒక్కొక్కటే ఎర్రబడుతూ వచ్చాయి. చెంచాలు పోయాయి, తాళాలు పోయాయి. వెన్న కత్తులు మాత్రం గీతల్లోంచి కూడా తెల్లగానే చూశాయి.

మొదటి కత్తిని కాల్చి, అలవాటుగా నీళ్ళలో ముంచాడు. టంగుమని చప్పుడైంది. తీసి చూస్తే నిలువునా పగులు. కొలిమి ముందు అట్లాగే నిలబడిపోయాడు. అత్త లోపలి నుంచి వంటనూనె డబ్బా తెచ్చి ఆయన పక్కన పెట్టింది. పోపులో రెండు చుక్కలు ఎక్కువ పడితే నన్ను కేకలేసే మనిషి, డబ్బాకు డబ్బా తెచ్చి పెట్టింది.

"నీళ్ళకు ఓర్సుకుంటలేదు గావచ్చు. నూనెల ముంచి సూడు" అంది.

రెండోదాన్ని నూనెలో ముంచాడు. పొగ లేచి కొలిమంతా నిండింది. దగ్గుకుంటూ బయటికి వచ్చి, ఆరనిచ్చి, ఆకురాయి పెట్టాడు. ఆకురాయి పట్టలేదు, గట్టిపడ్డ స్టీలు మీద కీచుమని జారిపోయింది. ఆ చప్పుడు వినడానికే ఈయన ఇన్ని నెలలు కష్టపడ్డాడు. పెళుసు పోయేదాకా మళ్ళీ సన్నటి సెగ చూపించి, సాన పట్టి, చింతకర్ర పిడి వేసి, రెండు రాగి కట్లు కట్టాడు. పేగు మీద పెడితే చప్పుడే లేకుండా తెగింది. గంజిలా మరిగే నీళ్ళలో ఉడికించి, తడి తుడవకుండా రాత్రంతా బయట పెట్టాడు. పొద్దున మచ్చ లేదు. ఆ రోజు ఆయన పగలే పడుకొని సాయంత్రం దాకా నిద్రపోయాడు.

దవాఖానకు పోవాలనే అనుకున్నాం. నొప్పులు పొద్దున మొదలయ్యాయి, ఆయన రిక్షా కోసం పరుగెత్తాడు. బిడ్డ రిక్షా కోసం ఆగలేదు. అత్త తలుపు దగ్గర నిలబడి తన చేతులు చూసుకుంటోంది.

"అత్తా, ఎవలున్నరు నాకు? రా!" అని అరిచాను.

వచ్చింది. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది, కడుక్కుంది, మళ్ళీ రుద్దుకుంది. పొయ్యి మీద కత్తీ దారమూ ఉడుకుతున్నాయి. బిడ్డ పడింది, ఏడ్చింది. ఆడపిల్ల. అత్త రెండు చోట్ల కట్టి, నడుమ కత్తి పెట్టింది. ఒక్క కోత. ఆ వెంటనే ఆమె కుడిచెయ్యి అలవాటుగా పక్కకు పోయింది, బూడిద చిప్ప ఉండే చోటికి. అక్కడ చిప్ప లేదు. చెయ్యి కాసేపు గాల్లోనే ఆగి వెనక్కి వచ్చింది. నేను చూశాను. నేను చూశానని ఆమె చూసింది. ఇద్దరమూ బిడ్డ వైపు తిరిగాం.

ఆ వారం ఎట్లా గడిచిందో చెప్పలేను. నా తలాపున కొత్త కత్తి. పాలిచ్చే ముందు ప్రతిసారీ కడిగిన వేలు బిడ్డ నోట్లో పెట్టి దవడ తెరుచుకుంటుందా అని చూసుకునేదాన్ని. ఆయన గుమ్మం దాకా వచ్చి, "తాగుతాందా?" అని అడిగి పోయేవాడు. లోపలికి రావడానికి ధైర్యం చాలేది కాదు. వారం దాటిన పొద్దున వేలు పెడితే, చిగుళ్ళతో గట్టిగా కొరికి, లాక్కోనివ్వకుండా చప్పరించింది. నేను ఏడ్చిన ఏడుపుకు ఆయన ఏదో అయిపోయిందనుకొని కొలిమి దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"కొరుకుతాంది! నీ బిడ్డ కొరుకుతాంది!" అన్నాను.

పురుడు చేసిన రోజు చుట్టాలు పోయాక అత్త కొలిమి దగ్గరికి పోయింది. నేను బిడ్డను ఎత్తుకొని గడపలో కూర్చున్నాను. ఆయన గూట్లోంచి పాత కత్తి తీసి పట్టుకారుతో పట్టుకున్నాడు. కొలిమిలో వేసి, కాల్చి ముద్ద చేసేద్దామని. అత్త ఆ పట్టుకారు మీద చెయ్యి వేసింది.

"దాన్నేమనకు. అది గాదు బిడ్డా. నీ కత్తి గాదు. నా బూడిది."

ఆయనకు అర్థం కాలేదు. బూడిద గురించి నర్సమ్మ అన్న మాటలన్నీ అత్త చెప్పింది. కత్తి కావచ్చు అని కూడా నర్సమ్మ చెప్పింది గదా, ఆ మాట మాత్రం వదిలేసింది. కొడుకు మీది బరువంతా ఎత్తి తన నెత్తిన పెట్టుకుంది. "నువ్వు రెండేండ్ల సంది కుములుతానవ్. నాకు తెల్సిన రోజే చెప్పాలె. నోరు రాలె. ఇద్దర్నీ ఈ శేతులే వట్టుకున్నయ్, ఈ శేతులే సంపినయ్" అంది. ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆయన పాత కత్తిని ఇనుము కొట్టే దాగలి మీద పెట్టాడు.

"అవ్వా, నా బొడ్డు దేంతోని కోసిన్రు?"

"దీంతోనే."

"ఏం పెట్టిన్రు?"

అత్త తల వంచుకుంది. "గదే బూడిది."

"మరి నేను బతికి లేనా? నన్ను సాది బతికిచ్చింది గూడ గీ శేతులే గద." పట్టుకారు పక్కన పెట్టాడు. "నీకు తెల్వదు, నాకు తెల్వదు. తెల్సినోళ్ళు చెప్పిన్రు, ఇన్నం. ఇగ ఊకో."

గడప దగ్గరికి వచ్చి, నన్ను దాటి లోపలికి పోయి, నా తలాపున ఉన్న స్టీలు కత్తి తెచ్చాడు. మా ఇంట్లో కత్తి ఎవరూ చేతిలో పెట్టరు, కింద పెడితే తీసుకోవాలి. తల్లి ముందు శుభ్రమైన గుడ్డ పరిచి, దాని మీద కత్తి పెట్టాడు.

"ఇది ఇగ గూట్లె ఉండది. మనింటికే గాదు. మగ్గాల ఇంటోళ్ళు మల్ల పిలిస్తాన్రు, రిక్షా ఆయన పెండ్లాం నెలల మీదుంది. అందరూ దవాఖాన దాక పోతరా? నువ్వే పోవాలె. దీన్నే తీస్కపో."

అత్త కత్తి వైపు చూసింది, నా ఒళ్ళో బిడ్డ వైపు చూసింది. లేచి బయటికి నడిచింది. ఇంక ఆమె దాన్ని ముట్టుకోదేమో అనుకున్నాను. వాకిట్లో బోరింగు చప్పుడైంది. సబ్బు నురగ మోచేతుల దాకా రుద్దుకొని, కడుక్కొని, మళ్ళీ రుద్దుకొని కడుక్కుంది. వెనక్కి వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకోబోయి ఆగిపోయింది. రెండు చేతులూ ముందుకు చాపి, గాలికి ఆరేదాకా మా ముందు అట్లాగే నిలబడి, అప్పుడు వంగి కత్తి తీసుకుంది.